కాఫీ పొడి కొట్టులో అడగవలసిన నాలుగు ప్రశ్నలు

గింజ, చికోరీ, వేపుడు, మర: ఇంటి కాఫీ రుచి, ఖర్చు ఈ నాలుగింటి మీదే

కిరాణా సరుకు కొనడంలో మన గృహిణులను మోసగించడం అంత సులభం కాదు. బియ్యం నాలుగు గింజలు నోట వేసుకుని కొరికి పాతవో కొత్తవో చెప్పగలరు. కందిపప్పును అరచేతిలో పోసుకుని చూస్తారు. మిరపకాయలైతే తొడిమ విరిచి, చింతపండైతే పిక్క తీసినదా కాదా అని నొక్కి చూసి గాని బేరం మొదలు పెట్టరు. అలాంటివారే కాఫీ పొడి దగ్గరకు వచ్చేసరికి “ఎప్పుడూ ఇచ్చేదే పావు కిలో ఇవ్వండి” అని డబ్బు చేతిలో పెట్టి వస్తున్నారు. పొట్లంలో ఉన్నది ఏ గింజ, అందులో చికోరీ పాలు ఎంత, ఎప్పుడు వేయించారు, ఎంత సన్నగా ఆడించారు అనే నాలుగు ప్రశ్నలు అడిగేవారు అరుదు. నెలకు కిలోకు పైగా కాఫీ పొడి వాడే ఇంటికి ఈ నాలుగు ప్రశ్నల విలువ రూపాయలలోనే లెక్క తేలుతుంది.

కాఫీ ధర మన ఊరి కొట్టులో నిర్ణయమయ్యేది కాదు. అరబికా రకానికి న్యూయార్కు, రొబస్టా రకానికి లండను విపణులు దారి చూపుతాయి. 1975 జూలైలో బ్రెజిల్‌లోని పరానా ప్రాంతంలో మంచు కురిసి తోటలు మాడిపోయిన ఫలితంగా 1977 నాటికి న్యూయార్కులో అరబికా పౌను 3 డాలర్లు దాటింది. 1989లో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న ఎగుమతి కోటాలు రద్దయ్యాయి. ఆ తరువాత వియత్నాం రొబస్టా వెల్లువెత్తింది. 2001లో అదే అరబికా పౌను అర డాలరుకు దిగువకు జారి మన కొడగు, చిక్కమగళూరు రైతులు కుదేలయ్యారు. మళ్ళీ వియత్నాంలో కరవు, బ్రెజిల్‌లో వర్షాభావం కలిసివచ్చి 2024లో లండను విపణిలో రొబస్టా టన్ను 5,000 డాలర్లు దాటింది. ఆ ఏడాది డిసెంబరులో అరబికా 1977 నాటి రికార్డును అధిగమించింది. 2025 ఫిబ్రవరిలో పౌను 4 డాలర్లు మించింది.

ఒకప్పుడు ఈ ఒడుదుడుకులకు, మన రైతుకూ మధ్య ఒక గోడ ఉండేది. 1942 నాటి కాఫీ చట్టం కింద పెంపకందార్లు తమ పంటను కాఫీ బోర్డు పూల్‌కు అప్పగించేవారు. బోర్డే వేలం వేసి అమ్మేది. 1992 నుంచి ఈ విధానాన్ని దశలవారీగా సడలించి, 1996 నాటికి మొత్తం పంటను రైతు తన ఇష్టం వచ్చినవారికి అమ్ముకునే స్వేచ్ఛ ఇచ్చారు. కనుక లండనులో ధర కదిలితే కొద్ది రోజుల్లోనే కుశాలనగరలోనూ కదులుతున్నది. ఆ మీదట విజయవాడలోనూ, వరంగల్‌లోనూ పొడి ధర మారుతున్నది.

ధర పెరిగినప్పుడు కొట్టువాడికి ఉన్న దారులు రెండే. పొట్లం ధర పెంచడం ఒకటి. ధర అలాగే ఉంచి పొట్లంలోని గింజల పాలు తగ్గించడం రెండవది. మొదటిది అందరికీ కనబడుతుంది. రెండవది నాలుకకు తప్ప తెలియదు. గృహస్థు జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

మొదటి ప్రశ్న: గింజ ఏది?

మన దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకది. కేరళ, తమిళనాడు ఆ తరువాతివి. ఆంధ్రప్రదేశ్‌లో పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో పండేది దాదాపు అంతా అరబికాయే. దేశం మొత్తం మీద మాత్రం రొబస్టాదే పైచేయి. పంటలో మూడింట రెండు వంతులకు పైగా అదే.

అరబికా ఎత్తైన కొండల మీద, చల్లని నీడలో పెరుగుతుంది. సువాసన ఎక్కువ, చేదు తక్కువ, కొంచెం పులుపు ఉంటుంది. రొబస్టా తక్కువ ఎత్తులో, ఎక్కువ కాపుతో, తెగుళ్ళకు తట్టుకుని పెరుగుతుంది. దాని డికాక్షన్ చిక్కగా, చేదుగా, నురుగుతో ఉంటుంది. కెఫీన్ అరబికాలో సుమారు 1.2 శాతం ఉంటే రొబస్టాలో దానికి రెట్టింపు దాకా ఉంటుంది. ‘కాఫీ గట్టిగా ఉన్నది’ అని మనం మెచ్చుకునే గుణం చాలావరకు రొబస్టాది. గది దాటి వచ్చే వాసన అరబికాది.

వర్తకుల భాషలో మరికొన్ని మాటలు తెలిసి ఉండాలి. పండిన ఎర్రని కాఫీ పండు తోలు తీసి, జిగురు కడిగి ఎండబెట్టిన అరబికాను ‘ప్లాంటేషన్’ అంటారు. పండును పండుగానే కళ్ళంలో ఎండబెట్టి తరువాత దంచినది ‘చెర్రీ’. రొబస్టాలో కడిగినదాన్ని ‘పార్చ్‌మెంట్’ అనీ, ఎండబెట్టినదాన్ని ‘రొబస్టా చెర్రీ’ అనీ వ్యవహరిస్తారు. కడిగిన సరుకుకు శ్రమ ఎక్కువ, నీరు ఎక్కువ కావాలి. రుచి శుభ్రంగా ఉంటుంది కనుక ధరా ఎక్కువే పలుకుతుంది.

ఎ, బి, సి అనే తరగతులను చూసి చాలామంది రుచి తరగతులని భ్రమపడుతుంటారు. అవి జల్లెడ తరగతులు. 6.65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచినది ప్లాంటేషన్ ఎ, 6 మిల్లీమీటర్ల మీద నిలిచినది బి, 5.50 మిల్లీమీటర్ల మీద నిలిచినది సి. పెద్ద గింజ సమంగా వేగుతుంది, చూపుకు బాగుంటుంది. అంతమాత్రాన ‘బి’ గింజ రుచిలో తక్కువని కాదు. ఒకే తోటలో, ఒకే కోతలో వచ్చిన ఎ, బి రెండింటికీ రుచిలో ఉండే తేడా కంటే ధరలో ఉండే తేడా ఎక్కువ. పొడి కొట్టించుకునేవారికి గింజ సైజు కనబడదు గనుక, కొట్టులో ‘బి’ దొరికితే అది లాభసాటి బేరమే.

పీబెర్రీ సంగతి వేరు. మామూలుగా కాఫీ పండులో రెండు గింజలు బల్లపరుపు వైపులు ఒకదానికొకటి ఆనించుకుని ఉంటాయి. కొన్ని పండ్లలో ఒకే గింజ గుండ్రంగా, బఠానీ మాదిరి పెరుగుతుంది. దాన్నే వేరుచేసి పీబెర్రీగా అమ్ముతారు. గుండ్రంగా ఉన్నందువల్ల పెనంలో దొర్లుతూ సమంగా వేగుతుంది. మన కొట్లలో దీనికి ఉన్న పేరు ప్రతిష్ఠలు కొంత ఇందువల్ల, మరి కొంత అలవాటు వల్ల వచ్చినవి.

పాలు కలుపుకునే ఇంటి కాఫీకి రెండు పాళ్ళు ప్లాంటేషన్ గాని పీబెర్రీ గాని, ఒక పాలు రొబస్టా అన్న మిశ్రమం పాత అంగళ్ళలో నలిగిన లెక్క. పాలు లేకుండా తాగేవారు అరబికా ఒక్కటే తీసుకోవడం మేలు. పులుపు గిట్టనివారికి మలబారు మాన్సూన్డ్ కాఫీ ఉన్నది. మంగళూరు తీరంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెర్రీ గింజలను వానగాలి తగిలేట్టు పరిచి ఉంచితే అవి ఉబ్బి లేత పసుపు రంగుకు మారతాయి, పులుపు పోతుంది. ఓడలలో నెలల తరబడి ప్రయాణించి చెమ్మ పట్టిన గింజ రుచికి ఐరోపావారు అలవాటు పడటం వల్ల పుట్టిన పద్ధతి ఇది.

రెండవ ప్రశ్న: చికోరీ ఎంత?

చికోరీ కాఫీ కాదు. ముల్లంగి ఆకారంలో ఉండే ఒక మొక్క వేరు. మన దేశంలో గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో పండుతుంది. వేరును ముక్కలు చేసి, ఎండబెట్టి, వేయించి, పొడిచేసి కాఫీలో కలుపుతారు. అందులో కెఫీన్ ఉండదు. వేయించినప్పుడు దానిలోని పిండిపదార్థం మాడి తీపి కలిసిన చేదునూ, నల్లని రంగునూ, చిక్కదనాన్నీ ఇస్తుంది. నీటిలో కరిగే పదార్థం కాఫీ పొడిలో కంటే చికోరీలో రెట్టింపునకు పైగా ఉంటుంది. అందుచేతనే కొద్దిగా కలిపినా డికాక్షన్ కాటుకలా కనబడుతుంది.

చికోరీ కలపడం కల్తీ కాదు, చెప్పకుండా కలపడం కల్తీ. చట్టం ప్రకారం కాఫీ, చికోరీ మిశ్రమంలో కాఫీ బరువులో 51 శాతానికి తగ్గరాదు. రెండింటి శాతాలూ పొట్లం మీద అచ్చువేయాలి. ‘ఫిల్టరు కాఫీ’ అని ముందువైపు పెద్ద అక్షరాలతో ఉన్న పొట్లాన్ని వెనక్కి తిప్పితే 53, 47 అనే అంకెలు కనబడిన సందర్భాలు పాఠకులలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. ఇన్‌స్టంటు మిశ్రమాలకూ ఇదే నిబంధన వర్తిస్తుంది.

ఇంట్లో పరీక్షకు గాజు గ్లాసు చాలు. చల్లని నీరు నింపి, పైన చిటికెడు పొడి చల్లాలి. కాఫీ పొడి నూనె జిడ్డు వల్ల పైన తేలుతుంది. చికోరీ క్షణాలలోనే నీరు పీల్చి, గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కు దిగుతుంది. ‘చికోరీ లేనిది’ అని చెప్పి అమ్మిన పొడిలో మొదటి నిమిషంలోనే చారలు దిగితే ఆ కొట్టు మార్చవలసిందే. చాలా సేపు ఉంచితే కాఫీ పొడి కూడా కొంత దిగుతుంది గనుక మొదటి నిమిషమే చూసుకోవాలి.

ఇప్పుడు రూపాయల లెక్క చూద్దాం. లెక్క కోసం మాత్రమే పచ్చి గింజలు కిలో 500 రూపాయలు, వేయించిన చికోరీ కిలో 150 రూపాయలు అనుకుందాం. గింజ వేగితే బరువు తరుగుతుంది. తరుగు 17 శాతం అనుకుంటే కిలో పచ్చి గింజకు 830 గ్రాములే మిగులుతాయి. అంటే వేయించిన గింజ కిలో 602 రూపాయలు పడుతుంది. కూలి, ఇంధనం, కొట్టువాడి లాభం ఈ లెక్కలో కలపలేదు.

70 పాళ్ళు కాఫీ, 30 పాళ్ళు చికోరీ కలిపిన పొడి కిలో అసలు ఖర్చు 467 రూపాయలు. చట్టం అనుమతించిన ఆఖరి గీత 51, 49 పాళ్ళ పొడికి 381 రూపాయలు. కిలోకు తేడా 86 రూపాయలు. ధరలో ఈ మేరకు తగ్గుదల లేకుండా పాళ్ళు మారిస్తే ఆ 86 రూపాయలు కొనేవారి జేబులోంచి పోతున్నట్లు లెక్క.

గ్లాసుకు దించి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. 30 గ్రాముల పొడి మీద 200 మిల్లీలీటర్ల నీరు పోస్తే పొడి తన బరువుకు రెట్టింపు నీటిని పట్టి ఉంచుకుంటుంది. సుమారు 140 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. అది నాలుగు గ్లాసులకు సరిపోతుంది. 467 రూపాయల పొడితో గ్లాసుకు అయ్యే ఖర్చు మూడున్నర రూపాయలు. అదే గ్లాసులో పోసే 100 మిల్లీలీటర్ల పాలకు, లీటరు 60 రూపాయలు అనుకున్నా, 6 రూపాయలు. పొడి కంటే పాలే ఖరీదు. నాసిరకం పొడికి మారితే గ్లాసుకు మిగిలేది 65 పైసలు. ఆ 65 పైసల కోసం 6 రూపాయల పాలు రుచి లేకుండా పోతున్నాయి.

నెల లెక్కలో ఇది కొట్టిపారేయవలసిన మొత్తం కాదనడం నిజమే. నలుగురున్న ఇంట్లో రోజుకు ఎనిమిది గ్లాసులైతే నెలకు 1.8 కిలోల పొడి, 155 రూపాయల తేడా. అయితే ఇంతకు మించిన పొదుపు మరో చోట దొరుకుతున్నది. అది నాలుగవ ప్రశ్నలో చూడగలరు.

మూడవ ప్రశ్న: వేయించినది ఎప్పుడు?

పచ్చి గింజ నెలల తరబడి నిలవ ఉంటుంది. వేగిన గింజకు ఆయుష్షు వారాలే. పొడికి రోజులే. వేయించేటప్పుడు పెనం వేడి సుమారు 200 డిగ్రీలకు చేరగానే గింజ పేలాల మాదిరి మొదటిసారి చిటపటమంటుంది. అక్కడ ఆపితే లేత వేపుడు. మరికొంత ముందుకు పోతే మధ్యరకం. రెండవసారి చిటపటలు మొదలై గింజ మీద నూనె మెరిస్తే అది నల్లవేపుడు. లేత వేపుడులో గింజ పుట్టిన చోటి రుచి, పులుపు తెలుస్తాయి. నల్లవేపుడులో మాడు రుచే ముందుకు వచ్చి గింజ మంచిచెడ్డలు మరుగున పడతాయి. నాసి గింజను నల్లగా వేపి అమ్మడంలోని కిటుకు ఇదే. పాల కాఫీకి మధ్యరకం, లేదా దానికి కాస్త పైన ఉన్న వేపుడు చాలు.

వేగిన గింజలో బొగ్గుపులుసు వాయువు నిలిచి ఉంటుంది. అది కొద్ది రోజులపాటు మెల్లగా బయటకు పోతూ ఉంటుంది. పొడి మీద మొదటి వేడి నీరు పోసినప్పుడు అది ఉబ్బి బుడగలు కక్కితే సరుకు తాజాది. నీరు పోసినా పొడి బురదలా కదలక పడి ఉంటే పాతది. కొట్టువాని మాట కంటే ఈ బుడగల సాక్ష్యం గట్టిది.

అందుచేత చవక అని కిలో ఒకేసారి కొనడం నష్టం. వారం పది రోజులకు సరిపడా 200 లేక 250 గ్రాములు కొనడం మంచిది. వీలైన ఇళ్ళు గింజలే కొని చేతిమరలో అప్పటికప్పుడు ఆడించుకోవచ్చు. గింజలో చికోరీ గాని, చింతపిక్కల పొడి గాని కలిపే అవకాశం లేదన్నది అదనపు లాభం. పొడిని గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, ఎండ తగలని చోట పెట్టాలి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీసి పెడుతుంటే చెమ్మ పడుతుంది, పక్కనున్న ఉల్లిపాయ వాసన కూడా పట్టుకుంటుంది.

నాలుగవ ప్రశ్న: మర ఎంత సన్నం?

చాలా ఇళ్ళలో కాఫీ పలచబడటానికి కారణం పొడి తక్కువవడం కాదు, మర తప్పడం. పొడి బరకగా ఉంటే నీరు చకచకా దిగిపోయి సారం పొడిలోనే మిగులుతుంది. గృహిణి మరో చెంచా పొడి వేస్తుంది. మరీ మెత్తగా ఉంటే ఫిల్టరు బిగుసుకుని, గంటకు గాని దిగదు, దిగినది చేదుగా ఉంటుంది. స్టీలు ఫిల్టరుకు పొడి వేళ్ళ మధ్య రుద్దితే పంచదార కంటే సన్నగా, మైదా కంటే గరుకుగా తగలాలి. డికాక్షన్ 15 నుంచి 20 నిమిషాలలో దిగితే మర సరిగా ఉన్నట్లు.

పూటకు ఒక చెంచా, అంటే సుమారు 6 గ్రాములు, రెండు పూటలా అదనంగా పడుతున్నదనుకుంటే నెలకు 360 గ్రాములు. పై ధరలో అది 168 రూపాయలు. మంచి పొడి నుంచి నాసి పొడికి దిగితే మిగిలే 155 రూపాయల కంటే, మంచి పొడినే సరైన మరలో పట్టిస్తే మిగిలేది ఎక్కువ. రుచి పోగొట్టుకోనక్కరలేదు. కొట్టువాడిని “మర ఒక పళ్ళు బిగించండి” అని అడగడానికి ఖర్చేమీ లేదు.

ఫిల్టరు పెట్టే విధానం

పై గిన్నె పొడిగా ఉండాలి. పొడి వేసి పక్కకు తట్టి సమం చేయాలి. గట్టిగా అదిమి పెట్టరాదు. గొడుగు బిళ్ళను మెల్లగా పైన ఉంచాలి. మరిగిన నీటిని దించి అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత మాత్రమే పోయాలి. పొంగు అణిగిన తరువాత మిగతా నీరు పోసి మూత పెట్టాలి. సలసల కాగుతున్న నీరు నేరుగా పోస్తే చేదు దిగుతుంది. చల్లారిన నీరు పోస్తే సారం దిగదు.

డికాక్షన్ దిగకపోతే పొడిని నిందించే ముందు రంధ్రాలను వెలుగుకెత్తి చూడాలి. పూడిపోయిన రంధ్రాలను సూదితో శుభ్రం చేసుకోవచ్చు. చికోరీ ఎక్కువైన పొడి నీరు తగలగానే బంకగా ఉబ్బి రంధ్రాలను మూసివేస్తుంది. అదీ ఒక గుర్తే. ఇత్తడి ఫిల్టరు వాడేవారు లోపలి కళాయి పోకుండా చూసుకోవాలి.

దిగిన డికాక్షన్‌ను పొయ్యి మీద పెట్టి మళ్ళీ కాచరాదు, వాసన ఆవిరైపోతుంది. చల్లబడితే గిన్నెను వేడినీటిలో ఉంచాలి. పాలను మాత్రం పొంగు వచ్చేదాకా కాచి అందులో డికాక్షన్ కలపాలి. రెండవ డికాక్షన్‌లో మిగిలేది చాలావరకు చేదే. మొదటిది మరీ చిక్కగా ఉన్నప్పుడు పలచన చేయడానికి తప్ప విడిగా దానితో కాఫీ కలిపి చుట్టాలకు ఇవ్వడం మర్యాద కాదు.

నీటి సంగతి మరువరాదు. గ్లాసులో డికాక్షన్ అంటే నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ఎంత మంచి పొడి అయినా మందకొడిగా, మట్టిగా తగులుతుంది. అక్కడ వడపోసిన మంచినీరు వాడితే పొడి మార్చనక్కరలేదు.

ఇతర పద్ధతులు

గిన్నెలో నీరు మరిగించి పొడి వేసి గుడ్డతో వడకట్టే పద్ధతి మన పల్లెల్లో పాతది. బరక పొడి దీనికి చాలు. దించిన తరువాతే పొడి వేసి నాలుగు నిమిషాలు మూత పెట్టి వడకడితే చేదు తగ్గుతుంది. ఫ్రెంచి ప్రెస్ అనే గాజు పాత్ర చేసే పని కూడా ఇదే, గుడ్డకు బదులు జల్లెడ ఉంటుంది. 1908లో జర్మనీ గృహిణి మెలిట్టా బెంట్స్ కనిపెట్టిన కాగితపు వడపోత నల్ల కాఫీ తాగేవారికి అనువైనది. 1933లో ఇటలీలో వచ్చిన మోకా పాత్ర ఆవిరి ఒత్తిడితో నీటిని పొడి గుండా పైకి నెడుతుంది. దాని డికాక్షన్ మన ఫిల్టరు డికాక్షన్‌కు దగ్గరగా, పాలకు తట్టుకునేలా ఉంటుంది.

కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారు ఒక విషయం గమనించాలి. కాఫీ నూనెలోని కెఫెస్టాల్ అనే పదార్థం చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. కాచిన కాఫీలోనూ, ఫ్రెంచి ప్రెస్‌లోనూ ఇది ఎక్కువ. కాగితపు వడపోత దీన్ని చాలావరకు ఆపుతుంది.

ఇన్‌స్టంటు పొడి అంటే డికాక్షన్‌ను పెద్ద యంత్రాలలో తీసి నీరు ఇంకబెట్టిన సరుకు. పసుపు యార్డుకు పేరుపడ్డ గుంటూరు జిల్లా దుగ్గిరాలలోనే ఇన్‌స్టంటు కాఫీ తయారుచేసి విదేశాలకు ఎగుమతి చేసే కర్మాగారం ఉన్నదని చాలామందికి తెలియదు. తొందరకు ఇన్‌స్టంటు పనికివస్తుంది. దాన్ని కొన్నా వెనుకనున్న శాతాలు చదవక తప్పదు.

కొండ మీది లెక్క

ఈ నాలుగు ప్రశ్నలకు మరో చివర పాడేరు కొండల గిరిజన రైతు ఉన్నాడు. 19వ శతాబ్ది చివర తూర్పు గోదావరి పాములేరు లోయలో అడుగుపెట్టిన కాఫీ, తరువాత అనంతగిరి, చింతపల్లి వైపు పాకింది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల చేయూతతో సిల్వర్ ఓక్ నీడన మిరియాల తీగెలతో కలిసి ఈనాడు లక్ష ఎకరాలకు పైగా విస్తరించింది. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్ నగరంలో దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించింది.

గుర్తింపు వచ్చినంత మాత్రాన రైతు చేతికి డబ్బు రాదు. చెట్టు మీద ఎర్రగా పండినవి మాత్రమే విడతలు విడతలుగా ఏరి, అదే రోజు పల్పింగ్ చేసి, కడిగి ఎండబెడితే పార్చ్‌మెంట్ ధర వస్తుంది. పచ్చివీ పండువీ కలిపి ఒకేసారి దూసి చెర్రీగా ఎండబెట్టి సంతలో దళారికి అమ్మితే తక్కువ ధరే గతి. ఏరడానికి పట్టే అదనపు కూలి రైతుకు తిరిగి రావాలంటే, శుభ్రమైన గింజకు ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు ఉండాలి. అన్నిటినీ నల్లగా వేపి సగం చికోరీ కలిపి అమ్మే విపణిలో ఏరిన గింజకూ దూసిన గింజకూ తేడా మిగలదు. గింజ ఏదని అడిగే గిరాకీ ఉన్నప్పుడే ఏరిన గింజకు విలువ.

‘అరకు’ పేరుతో ఉన్న ప్రతి పొట్లమూ ఒకటి కాదు. కొన్నిటిలో అరబికా ఒక్కటే ఉంటే, కొన్నిటిలో చికోరీ కలిసి ఉంటుంది. రెండూ చట్టబద్ధమే. వెనుక ఉన్న అంకెలు చదివి, దేనికి ఎంత ఇస్తున్నామో తెలుసుకుని కొనాలి.

మన్యంలో పళ్ళ కోత నవంబరు నుంచి సంక్రాంతి దాటేదాకా సాగుతుంది. ఎండి, దంచి, జల్లెడ పట్టి, వేగి కొట్లకు చేరేసరికి వేసవి వస్తుంది. కొత్త పంట పొడి కావలసినవారు ఆ రోజుల్లో ‘ఈ ఏటి కోతదేనా’ అని అడిగి తీసుకోవచ్చు.

మొత్తం మీద తేలేది ఇది. కాఫీ ధర ఆకాశానికి ఎగసినా, నేలకు దిగినా గృహస్థు చేతిలో లేదు. గింజ పేరు, చికోరీ శాతం, వేపిన తేదీ, మర సన్నం మాత్రం అతని నోటి మాటలోనే ఉన్నాయి. ధర పెరిగినప్పుడు ముందు మర సరిచూసుకోవాలి, తరువాత కొనే పరిమాణం తగ్గించాలి. చికోరీ పెంచడం ఆఖరి మాట. పొట్లం వెనుక అంకెలు చెప్పని కొట్టులో, ఎంత చవకైనా, బేరం చేయకపోవడమే లాభం.